కమోడ్, వాష్ బేసిన్ చుట్టూ సిలికాన్ మీరే వేసుకోవాలంటే: మొదటి నుంచి చివరి దాకా

"కమోడ్ చుట్టూ మేస్త్రీ పెట్టిన తెల్ల సిమెంటు పగిలిపోయింది, దాని మీద సిలికాన్ వేయొచ్చా?" "వేయించిన సిలికాన్ కొన్ని వారాలకే పట్టీలా ఊడొచ్చింది, ఎందుకు?" ఈ రెండు ప్రశ్నలూ పదేపదే వస్తున్నాయి. అందుకే ఈ పని మొత్తం వరుసగా రాస్తున్నాను.

సిలికాన్ అంటే ట్యూబులో వచ్చే, గట్టిపడ్డాక రబ్బరులా సాగే సీలెంట్. పని కష్టమైనదేం కాదు. ట్యూబును గన్‌లో పెట్టి నొక్కేది పావుగంట. దానికి ముందు పాతది గీకడం, కడగడం, ఆరబెట్టడం ఉంటాయి. అసలు పని అదే, హడావుడిలో ఎగ్గొట్టేదీ అదే.

ఎక్కడ వేయకూడదో కూడా చాలామందికి తెలీదు. బయటి నీళ్లు సందులోకి పోకుండా ఆపడానికి సిలికాన్ వేస్తాం. లోపల కారుతున్న నీళ్లను కప్పిపెట్టడానికి వేస్తే గోడ, కింది ఫ్లాటు పైకప్పు రెండూ పాడవుతాయి. కింద చెప్పిన చాలా సూచనలకు మూలం ఇదే.

సమయం ఇలా వేసుకోండి: శనివారం సాయంత్రం గీకి కడగడం, రాత్రంతా ఆరబెట్టడం, ఆదివారం పొద్దున్న సిలికాన్ వేయడం, సోమవారం మధ్యాహ్నం దాకా అక్కడ నీళ్లు తగలనివ్వకపోవడం. ఉప్పు పొర, బూజు రెండూ ఉంటే ఒక రోజు ముందే మొదలుపెట్టండి. ఇంట్లో ఒక్కటే బాత్‌రూమ్ ఉంటే ఇంట్లోవాళ్లకు ముందే చెప్పిపెట్టండి.

1. ముందు చూడాల్సింది: ఇది సిలికాన్‌తో పోయే లీకేనా?

బేసిన్ వెనక గోడ తడిసినా, కమోడ్ పక్కన నీళ్లు కనిపించినా సందులోంచే వస్తున్నాయని అనుకోవద్దు. పూటసేపు ఆ చోటు వాడకుండా, తుడిచి పొడిగా ఉంచండి. పైపు జాయింట్ల కింద, యాంగిల్ కాక్ (గోడ దగ్గర నీళ్లు ఆపే చిన్న వాల్వు) కింద, వేస్ట్ పైపు చుట్టూ టిష్యూ కాగితం పెట్టండి.

- ఎవరూ వాడకపోయినా కాగితం తడిస్తే అది పైపు లీకు. కుళాయి జాయింటుకు టెఫ్లాన్ టేపు, కొత్త వాషరు కావాలి.
- ఫ్లష్ చేసినప్పుడే కమోడ్ అడుగు నుంచి నీళ్లొస్తే వెనకున్న అవుట్‌లెట్ జాయింటు (కమోడ్ మురుగు పైపుకు కలిసే చోటు) చూడాలి.
- స్నానం చేసినా, నేల కడిగినా మాత్రమే తడి కనిపిస్తే అది సందు పనే కావచ్చు. ఇక్కడ సిలికాన్ ఉపయోగపడుతుంది.
- కింది ఫ్లాటు పైకప్పులో చెమ్మ ఉంటే, మీ బాత్‌రూమ్ కింద ఉండే సంకెన్ స్లాబులో (పైపుల కోసం పల్లంగా దించి పోసిన స్లాబు) నీళ్లు నిలుస్తున్నట్టు అనుమానించాలి. అది వాటర్‌ప్రూఫింగ్ పని. పైన ఎన్ని ట్యూబులు పోసినా లాభం లేదు.

కమోడ్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపి చూడండి. కదిలితే ముందు దాన్ని బిగించాలి. బోల్టులు కొంచెం కొంచెంగా, రెండు వైపులా మార్చి మార్చి తిప్పండి. ఒకే పట్టున బిగిస్తే పింగాణీ పగులుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే అడుగున ప్లాస్టిక్ ముక్కలు దోపి నిలకడ చేయండి. సిలికాన్ సందు మూస్తుంది, బరువు మోయదు. కదిలే కమోడ్ చుట్టూ వేసినది ఎంత మంచిదైనా చీలిపోతుంది.

2. ఎక్కడ వేయాలి, ఎక్కడ వదిలేయాలి

నేల మీద కూర్చునే కమోడ్: ముందు, రెండు పక్కల వేయండి. వెనక, గోడ వైపు రెండు మూడు అంగుళాలు వదిలేయండి. రేపు అవుట్‌లెట్ జాయింటు కారితే ఆ ఖాళీలోంచి నీళ్లు బయటికొచ్చి మీకు తెలుస్తుంది. చుట్టూ పూర్తిగా మూసేస్తే ఆ మురుగు నీళ్లు టైల్స్ కిందికి దారి వెతుక్కుంటాయి.

"మేం బకెట్లతో నేల కడుగుతాం, ఆ ఖాళీలోంచి నీళ్లు లోపలికి పోవా?" అని అడుగుతారు. కొద్దిగా పోతాయి, వచ్చిన దారినే బయటికొచ్చేస్తాయి కూడా. కమోడ్ వెనక నీళ్లు నిలిచేలా నేల వాలు తప్పుగా ఉంటే, నీళ్లు బయటికి పారే వైపున ఆ ఖాళీ వదలండి.

గోడకు వేలాడే కమోడ్: పైన, పక్కల వేయండి. అడుగు అంచు వదిలేయండి. కారణం అదే.

గోడకు బిగించిన బేసిన్: గోడను తాకే పై అంచు, రెండు పక్కలు చాలు. కింది అంచు మూయక్కర్లేదు.

గ్రానైట్ బండ మీద కూర్చున్న బేసిన్: చుట్టూ పూర్తిగా వేయాలి. బండకూ వెనక గోడ టైల్‌కూ మధ్య ఉన్న సందు కూడా మర్చిపోవద్దు. బండ కింద చెక్క అల్మరా ఉంటే అది ఉబ్బిపోయేది చాలాసార్లు ఆ వెనక సందు వల్లే.

బండ కింద నుంచి బిగించిన బేసిన్: సందు మూయడానికి సిలికాన్ సరే. బరువు మాత్రం బ్రాకెట్ల మీదో ఇనుప యాంగిల్ మీదో ఉండాలి. అవి లేకుండా సిలికాన్‌తో మాత్రమే అతికించి ఉంటే ఈ పనికి ముందు ఆ ఆధారం పెట్టించుకోండి.

కుళాయి, మిక్సర్ వెనక ఉండే గుండ్రటి ప్లేటు: పైన, పక్కల వేసి, అడుగున వేలెడంత వదలండి. గోడ లోపల కారితే నీళ్లు అక్కడి నుంచి బయటపడతాయి. కుళాయి మరల్లో సిలికాన్ పూయొద్దు, అక్కడ టెఫ్లాన్ టేపే.

షవర్ గాజు పార్టిషన్: అల్యూమినియం చానల్‌లో కూర్చున్న గాజు అయితే బయటి వైపు మాత్రమే వేయండి. చానల్‌లోకి చేరిన నీళ్లు మళ్లీ షవర్ వైపే దిగిపోవాలి. లోపలా బయటా మూస్తే నీళ్లు మధ్యలో చిక్కి బూజు పడుతుంది.

గోడ, నేల కలిసే మూల: స్నానం చేసే చోట ఈ మూలలో నింపిన గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే సిమెంటు లాంటి ముద్ద) తరచూ చీలుతుంది. గోడ, నేల వేర్వేరుగా కదులుతాయి కాబట్టి అక్కడ గట్టి గ్రౌట్ కంటే సాగే సిలికానే సరైనది. అయితే ముందు ఆ గ్రౌట్ గీకి చోటు చేయాలి. మిగతా టైల్ జాయింట్లకు గ్రౌటే వాడండి. ప్రతి గీతలోనూ సిలికాన్ నింపినవాళ్ల బాత్‌రూమ్‌లు చూశాను, ఏడాది తిరక్కుండానే నల్ల గీతల గళ్లు.

అస్సలు వేయకూడనివి: బేసిన్‌లో పైన ఉండే ఓవర్‌ఫ్లో రంధ్రం, నహానీ ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే రంధ్రం) జాలీ అంచులు. ఆ జాలీని శుభ్రం చేయడానికి తీయాల్సి ఉంటుంది.

3. ఏ సీలెంట్ కొనాలి

హార్డ్‌వేర్ షాపులో "సిలికాన్ ట్యూబు ఇవ్వండి" అంటే చేతికొచ్చేది సాధారణంగా గాజు పనికి వాడే రకం. వెనిగర్ వాసన వస్తుంది. గాజు, గ్లేజ్ ఉన్న టైల్స్, పింగాణీ మీద బాగా అంటుకుంటుంది. కానీ అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. సిమెంటు అంచుల మీద పట్టు సరిగా నిలవదు, మార్బుల్‌ని తింటుంది, అద్దం వెనక పూతను చెడగొడుతుంది, ఇత్తడి, జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) భాగాలకు తుప్పు పట్టిస్తుంది.

మన బాత్‌రూమ్‌లలో టైల్ అంచు దగ్గర సిమెంటు, పక్కనే గ్రానైట్, ఇత్తడి కుళాయిలు అన్నీ ఒకే చోట ఉంటాయి. అందుకే నా మాట ఒక్కటే: లేబుల్ మీద న్యూట్రల్ (ఆ ఆమ్లం వదలని రకం) అనీ, శానిటరీ లేదా యాంటీ ఫంగల్ అనీ రెండూ ఉన్న ట్యూబు తీసుకోండి. కొంచెం ధర ఎక్కువైనా అదే నయం. దిగుమతి ట్యూబుల మీద ఈఎన్ 15651-3 అని కనిపిస్తే అది శానిటరీ జాయింట్ల సీలెంట్లకు వర్తించే యూరప్ ప్రమాణం.

గ్రానైట్, మార్బుల్ ఉంటే ఇంకో జాగ్రత్త. కొన్ని సిలికాన్లలోంచి నూనె రాయిలోకి దిగి, అంచు పొడుగునా తడి మరకలాంటిది పడుతుంది. అది పోదు. సహజ రాయికి పనికొస్తుందని లేబుల్ మీద రాసి ఉన్నదే కొని, ముందు బండ అడుగున ఒక బొట్టు పెట్టి కొన్ని రోజులు చూడండి.

- తయారీ తేదీ, గడువు తేదీ తప్పక చూడండి. గడువు దాటిన ట్యూబు బయటికి మామూలుగానే వచ్చినా సరిగా గట్టిపడకపోవచ్చు.
- ఎండ పడే చోట పెట్టిన ట్యూబు వద్దు, లోపలి నుంచి తెప్పించుకోండి.
- రంగు విషయానికొస్తే, తెల్ల పింగాణీకి తెలుపు. చేయి తిరగనివాళ్లకు పారదర్శక రకం అచ్చొస్తుంది, వంకరలు తక్కువ కనిపిస్తాయి. అడుగున మురికి ఉంటే మాత్రం అదీ కనిపిస్తుంది.
- రంగు వేయదగ్గ అక్రిలిక్ సీలెంట్ కిటికీలకు, గోడ పగుళ్లకు. రోజూ తడిసే చోట పనికిరాదు.
- తెల్ల సిమెంటు, ఎంసీల్ గట్టివి, సాగవు. కమోడ్ చుట్టూ పగిలేది అందుకే.

280 మిల్లీలీటర్ల ట్యూబుతో 6 మిల్లీమీటర్ల మందం గీత లెక్క ప్రకారం పది మీటర్ల దాకా వస్తుంది. వృథా పోగా ఒక బాత్‌రూమ్‌కి ఒక ట్యూబు దాదాపు సరిపోతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట: అక్కడ కాక్ (caulk, సందులు మూసే సీలెంట్) పేరుతో లేటెక్స్, అక్రిలిక్ రకాలు కూడా అమ్ముతారు. లేబుల్ మీద నూరు శాతం సిలికాన్ అని ఉందో లేదో చూడండి. బాత్ టబ్ చుట్టూ వేసేటట్లయితే ముందు టబ్ నిండా నీళ్లు నింపి, గట్టిపడేదాకా అలాగే ఉంచాలి. ఖాళీ టబ్‌కి వేస్తే, నీళ్లు నింపిన రోజు టబ్ కిందికి వంగి సందు తెరుచుకుంటుంది.

4. దగ్గర పెట్టుకోవాల్సిన సామాన్లు

- సిలికాన్ ట్యూబు, దాన్ని నొక్కే గన్
- కొత్త కట్టర్ బ్లేడు, ప్లాస్టిక్ స్క్రేపర్
- తెల్ల సిమెంటు తీయాలంటే సన్న ఉలి, చిన్న సుత్తి, కళ్లద్దాలు, మాస్కు
- అర అంగుళం లేదా ముప్పావు అంగుళం మాస్కింగ్ టేపు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని పాత నూలు గుడ్డలు
- టిష్యూ కాగితం బాగా ఎక్కువగా, చెత్త వేయడానికి కవరు
- రబ్బరు తొడుగులు
- ఐస్‌క్రీమ్ పుల్లలు లేదా సిలికాన్ సర్దే ప్లాస్టిక్ పట్టీ
- గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్లు, స్ప్రే సీసాలో
- లోతైన సందులుంటే ఫోమ్ తాడు

ఆల్కహాల్ బదులు ఇంట్లో ఉన్న శానిటైజర్ వాడొద్దు. అందులో గ్లిజరిన్, జెల్ ఉంటాయి, పైన పల్చటి పొర మిగులుతుంది. కిరోసిన్ కూడా వద్దు, జిడ్డు వదులుతుంది.

5. పాతది పూర్తిగా తీయడం

ఇక్కడ ఓపిక పట్టండి. కొత్త సిలికాన్ పాత సిలికాన్ మీద అంటుకోదు. పైకి కలిసిపోయినట్టే ఉంటుంది, తర్వాత పొర మొత్తం లేచొస్తుంది. "పైపైన ఒక కోటింగ్ వేసేద్దాం" అనే ప్లంబర్‌ని అక్కడే ఆపండి.

ముందు టైల్ వైపు ఒక కోత, పింగాణీ వైపు ఒక కోత పెట్టండి. బ్లేడు పడుకోబెట్టినట్టు, తక్కువ వాలులో ఉండాలి. ఆ తర్వాత ఒక చివర పట్టుకుని లాగితే పొడుగాటి పట్టీగా వస్తుంది. మిగిలినదాన్ని స్క్రేపర్‌తో గీకండి. పింగాణీ, టైల్ మీద స్టీలు బ్లేడు వాలుగా నడిపితే గీతలు పడవు. మార్బుల్, క్రోమ్ పూత, ప్లాస్టిక్ మీద పడతాయి, అక్కడ ప్లాస్టిక్‌దే వాడండి.

చివరి పల్చటి పొరే మొండిది. దానికి సిలికాన్ రిమూవర్ దొరుకుతుంది. పూసి, లేబుల్ మీద చెప్పినంతసేపు వదిలి, గరుకు స్క్రబ్బర్‌తో రుద్దండి.

పొర పోయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చిలకరించి చూడండి. నీళ్లు పల్చగా పరుచుకుంటే శుభ్రం. తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటే అక్కడ ఇంకా సిలికాన్ ఉంది, మళ్లీ రుద్దాలి.

తెల్ల సిమెంటు అయితే కమోడ్ వైపు కాకుండా నేల వైపు ఉలి ఆనించి, చిన్న దెబ్బలతో కొద్దికొద్దిగా రాల్చండి. ఒక చోట వదులైతే మిగతాది పెచ్చులుగా వస్తుంది. రాకపోతే బలం పెట్టకండి. హాక్సా బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని సందులో రంపంలా ఆడించండి.

6. బూజు, ఉప్పు పొర, జిడ్డు: ఒకదాని తర్వాత ఒకటి

బోరు నీళ్లు వాడే ఇళ్లలో అంచుల దగ్గర తెల్లటి ఉప్పు పొర గట్టిగా పేరుకుంటుంది. సిలికాన్ ఆ పొర మీద అంటుకుంటే, పొరతో పాటే ఊడిపోతుంది. వెనిగర్‌తో గానీ నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో గానీ నానబెట్టి రుద్ది, బాగా కడిగేయండి. మార్బుల్ మీద ఈ రెండూ వద్దు, మచ్చలు పడతాయి.

సందులో నల్ల బూజు ఉంటే నీళ్లు కలిపిన బ్లీచ్‌లో టిష్యూ తడిపి, దాని మీద పరిచి పది పదిహేను నిమిషాలు ఉంచి కడగండి. బూజును చంపకుండా పైన సిలికాన్ వేస్తే కొన్నాళ్లకు అడుగు నుంచి నలుపు కనిపిస్తుంది.

జాగ్రత్త: బ్లీచ్‌నూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపొద్దు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, షాపులో సీసాల్లో అమ్మే బాత్‌రూమ్ యాసిడ్ కూడా అదే. బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. వెనిగర్, నిమ్మ ఉప్పుతోనూ ఇదే ప్రమాదం. ఉప్పు పొర పని ఒక రోజు, బూజు పని మరో రోజు పెట్టుకోవడం క్షేమం. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, తలుపు తెరిచి ఉంచండి.

చివరగా ఆల్కహాల్‌తో తుడవడం. ఇది ఇప్పుడు కాదు, టేపు వేసే ముందు.

7. ఆరబెట్టడం

కనీసం రాత్రంతా. పైకి పొడిగా కనిపించే సందు అడుగున తడి ఉంటుంది, ముఖ్యంగా సిమెంటు, గ్రౌట్ ఉన్న చోట. టిష్యూ కాగితం మడిచి సందులో గుచ్చి తీయండి. చెమ్మ తగిలితే ఇంకా ఆగాలి.

బయట తలుపు దగ్గర టేబుల్ ఫ్యాను పెట్టి లోపలికి తిప్పితే తొందరగా ఆరుతుంది. హెయిర్ డ్రయర్ వాడితే నేల పొడిగా ఉండాలి, ప్లగ్గు బాత్‌రూమ్ బయటే ఉండాలి.

సిలికాన్ గట్టిపడేది గాలిలోని తేమతోనే. అందువల్ల వర్షాకాలం అది సెట్ అవడానికి అడ్డంకి కాదు, సందు ఆరకపోవడమే ఇబ్బంది. ఎండాకాలంలో దీనికి తిరగబడుతుంది: సందు గంటల్లో ఆరిపోతుంది కానీ, వేడికి పైన పొర త్వరగా కడుతుంది, సర్దడానికి టైమ్ తక్కువ. మే నెలలో పొద్దున్నే వేసుకోండి.

8. లోతు ఎక్కువైతే

సందు 6 మిల్లీమీటర్ల కంటే లోతుగా ఉంటే మొత్తం సిలికాన్‌తో నింపొద్దు. సందు కంటే కొంచెం లావున్న ఫోమ్ తాడును లోపలికి నొక్కి, పైన సిలికాన్ వేయండి. ట్యూబు ఆదా అవుతుంది, అంతకంటే ముఖ్యంగా సిలికాన్ రెండు పక్కలకే అంటుకుని మధ్యలో స్వేచ్ఛగా సాగుతుంది. అడుక్కి కూడా అంటుకుంటే కదలిక వచ్చినప్పుడు చిరుగుతుంది.

9. టేపు అంటించడం

ఇప్పుడు ఆల్కహాల్ గుడ్డతో రెండు అంచులూ తుడవండి. గుడ్డ మురికయితే మార్చండి. కొన్ని నిమిషాలు ఆరనివ్వండి.

సందుకు రెండు పక్కలా 3 మిల్లీమీటర్ల దూరంలో టేపు అంటించి, లోపలి అంచును గోరుతో గట్టిగా నొక్కండి. కమోడ్ వంపుల దగ్గర పొడుగు టేపు ముడతలు పడుతుంది, చిన్న ముక్కలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా అంటించండి.

చేయి తిరిగిన పనివాళ్లు టేపు లేకుండా వేస్తారు. మొదటిసారి వేసేవాళ్లు ఆ ధైర్యం చేయక్కర్లేదు.

10. ముక్కు కోసి, గన్‌లో పెట్టడం

- ట్యూబు కొన కోసి, లోపల పొర ఉంటే దాన్ని కూడా పొడవండి. ముక్కు బిగించండి.
- ముక్కును 45 డిగ్రీల వాలులో కోయండి. రంధ్రం 4, 5 మిల్లీమీటర్లు చాలు. తక్కువ కోసి చూసుకోవచ్చు, ఎక్కువ కోస్తే వెనక్కి రాదు.
- గన్ రాడ్డు వెనక్కి లాగి ట్యూబు పెట్టి, మీట నొక్కుతూ సిలికాన్ కొన దాకా రప్పించండి.
- పాత అట్టముక్క మీద ఒకటి రెండు గీతలు వేసి చేయి అలవాటు చేసుకోండి.
- ఆపాలనుకున్నప్పుడు వెనకున్న చిన్న మీట నొక్కి రాడ్డు వదులు చేయండి. లేకపోతే కారుతూనే ఉంటుంది.

11. గీత వేయడం, సర్దడం, టేపు లాగడం

ఈ మూడూ ఒక్క ఊపులో అయిపోవాలి. పైన పొర సాధారణంగా పది నుంచి ఇరవై నిమిషాల్లో కడుతుంది. అందుకని బాత్‌రూమ్ అంతా ఒకేసారి గీతలు వేసుకుంటూ పోవద్దు. కమోడ్ ఒక పక్క పూర్తి చేసి రెండో పక్కకు వెళ్లండి.

మొదలుపెట్టేది ఎవరికీ కనిపించని చోట, అంటే కమోడ్ వెనక మూల నుంచి. ముందు వైపుకు వచ్చేసరికి చేయి కుదురుకుంటుంది.

(క) ముక్కు కోసిన వాలు సందుకు ఆనేలా పెట్టి, ఒకే ఒత్తిడితో, ఒకే వేగంతో నడపండి. సిలికాన్ సందు లోపలికి దిగాలి, పైన కూర్చోకూడదు. మధ్యలో తెగితే కొంచెం వెనక నుంచి మళ్లీ కలపండి.

(ఖ) వెంటనే పుల్లతో లేదా పట్టీతో ఒక చివర నుంచి మరో చివర దాకా ఒక్కసారే లాగండి. పోగైనదాన్ని టిష్యూతో తుడిచి కవర్లో వేయండి. బాగాలేదని మళ్లీ మళ్లీ రుద్దారంటే మరింత చెడుతుంది. ఎక్కువమంది పనిని పాడుచేసుకునేది ఈ నిమిషంలోనే.

(గ) సిలికాన్ తడిగా ఉండగానే టేపును సందుకు దూరంగా, వాలుగా లాగేయండి. పొర కట్టాక లాగితే అంచులు చిరుగుతాయి.

(ఘ) టేపు తీశాక అంచు చిన్న గట్టులా లేస్తుంది. సబ్బు నీళ్లు పల్చగా చిలకరించి, తడి చేసిన వేలితో తేలిగ్గా ఒకసారి నిమిరితే కూర్చుంటుంది. సబ్బు నీళ్లు సిలికాన్ వేశాకే, అంతకుముందు సందులో పడితే అంటుకోదు.

వేళ్లకు అంటితే ముందు పొడి టిష్యూతో తుడవండి. నీళ్లతో కడిగితే చేయంతా పరుచుకుంటుంది. టైల్ మీద మరకలు పడ్డాయా? తడి గుడ్డతో రుద్దకండి. గట్టిపడ్డాక బ్లేడుతో గీకితే చక్కగా లేచొస్తాయి.

12. ఎంతసేపు వదలాలి

సిలికాన్ రోజుకు సుమారు 2, 3 మిల్లీమీటర్ల లోతు గట్టిపడుతుంది. కనీసం 24 గంటలు నీళ్లు తగలొద్దు. లావుగా వేసిన చోట మూడు రోజుల దాకా బకెట్లతో కొట్టి కడగడం, బ్రష్షుతో రుద్దడం వద్దు. న్యూట్రల్ రకం ఇంకాస్త నెమ్మది. కిటికీ తెరిచి ఉంచండి, వాసన పోతుంది.

పైన వేలు పెట్టి చూస్తూ ఉండే పిల్లలున్న ఇంట్లో తలుపుకు గడియ పెట్టండి.

13. తేడా వస్తే ఏం చేయాలి

పట్టీలా ఊడొచ్చింది: అడుగున తడి గానీ, జిడ్డు గానీ, పాత పొర గానీ ఉంది. ఊడిన ముక్క వెనకవైపు చూడండి. సిమెంటు పొడి అంటి ఉంటే గ్రౌట్ రాలుతోంది, తెల్లటి పొర ఉంటే ఉప్పు. దాన్ని బట్టి 5, 6 అంచెలు మళ్లీ చేయాలి.

నాలుగు రోజులైనా జిగటగానే ఉంది: దాదాపు ఎప్పుడూ గడువు తీరిన ట్యూబే. ఆగితే గట్టిపడదు. మొత్తం తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది వేయండి.

బుడగలు, సూది రంధ్రాలు: సందు తడిగా ఉండగా వేశారు, లేదా ఆల్కహాల్ ఆరకముందే. ఒకటో రెండో ఉంటే ఆ ముక్క వరకు రెండు వైపులా శుభ్రంగా కోసి తీసి, కొత్తది నింపండి. పైన బొట్టు పెట్టి సరిపెట్టకండి.

కొన్ని నెలలకే నల్ల చుక్కలు: పైపైన ఉంటే బ్లీచ్ టిష్యూతో పోతాయి. లోపలికి దిగితే మార్చాల్సిందే. యాంటీ ఫంగల్ మందు కూడా నీళ్లతో కొన్నేళ్లకు తగ్గిపోతుంది. స్నానం తర్వాత ఎగ్జాస్ట్ ఫ్యాను కాసేపు తిరగనివ్వడం, అంచుల మీద సబ్బు నురగ మిగలకుండా చూడడం దీనికి మంచి మందు.

ఒకే చోట పదేపదే చీలుతోంది: ఆ చోట ఏదో కదులుతోంది. బేసిన్ బ్రాకెట్, కమోడ్ బోల్టులు, గ్రానైట్ బండ ఆధారం చూసుకోండి.

కమోడ్ వెనక వదిలిన ఖాళీలోంచి నీళ్లు వస్తున్నాయి: ఆ ఖాళీ తన పని తాను చేసింది. దాన్ని మూయకండి. అవుట్‌లెట్ దగ్గర ప్యాన్ కనెక్టర్ (కమోడ్‌నీ మురుగు పైపునూ కలిపే ముక్క) మార్చమని ప్లంబర్‌ని పిలవండి. సిమెంటుతో అతికించిన పాత జాయింటు అయితే రబ్బరు కనెక్టర్ పెట్టమని అడగండి.

14. మిగిలిన ట్యూబు

ముక్కు కొన నుంచి ఒక అంగుళం సిలికాన్ బయటికి రప్పించి అలాగే గట్టిపడనివ్వండి, పైన టేపు చుట్టండి. అదే బిరడాలా పనిచేస్తుంది. పొడుగు స్క్రూ గుచ్చినా సరే. చల్లటి చోట పెడితే కొన్ని వారాలు ఆగుతుంది. మళ్లీ వాడేటప్పుడు గడ్డ ముక్కులోనే ఉంటే లాగి పడేసి వాడుకోవచ్చు. ట్యూబు లోపలికి కూడా పాకి ఉంటే కొత్తది కొనుక్కోండి.